పద్నాలుగో ట్రాక్, చివరి నలభై సెకన్లు

అక్టోబరు 7, సోమవారం

ఆ మధ్యాహ్నం ఆల్డెన్ నన్ను సాండ్‌విచ్‌లు తెమ్మని ఎందుకు పంపించాడు?

పదహారేళ్ళుగా నాతో ఉన్న ప్రశ్న. మధ్యలో ఏళ్ళకేళ్ళు మర్చిపోయాను కూడా. ఇవాళ అవార్డు కమిటీ నుంచి జాబితా రావడంతో మళ్ళీ లేచి కూర్చుంది. క్లాసికల్ రికార్డింగులు చేయించే ప్రొడ్యూసర్లకి ఏటా ఇచ్చే అవార్డు. ఈసారి పరిశీలనలో పంతొమ్మిది మంది. ఏడో పేరు ఆల్డెన్ థేయర్. ఆయనకిప్పుడు డెబ్భై ఒకటి. జాబితాలోకి రావడం ఇది ఆరోసారి. అవార్డు మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆయన పంపిన ఐదు డిస్కుల్లో మొదటిది ఇమ్రె వాదస్ చివరి చెల్లో రికార్డింగ్.

అది చేసినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళ దాన్ని, ఆల్డెన్ దగ్గర ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను.

ఇప్పుడు నేను కమిటీలో. మాది మార్కులు వేసే కమిటీ కాదు. ఓటుకి వెళ్ళేముందు డిస్కుల మీద వేసిన వివరాలు సరైనవేనా అని చూస్తాం. ఎవరు వాయించారు, ఎక్కడ, ఎప్పుడు. జాగ్రత్తగా వినేవాళ్ళని ఏరి పెడతారట. నా పేరు ఎవరు సూచించారో నాకు చెప్పలేదు. ఆల్డెనే అయ్యుండవచ్చు.

అక్టోబరు 9

ఆల్డెన్ ఫోన్ చేశాడు. ఏమ్మాయ్, మీ కమిటీవాళ్ళు ఈసారైనా నా ముసలి చెవుల మీద జాలిపడతారా అన్నాడు. కమిటీ సంగతి మనం మాట్లాడుకోకూడదన్నాను. అయితే ఆకుల సంగతి మాట్లాడుకుందాం, మీ మెడ్‌ఫర్డ్‌లో రాలాయా, మా వాకిట్లో ఊడ్చే దిక్కులేక మోకాళ్ళ దాకా వచ్చాయన్నాడు. నవ్వాను. ఆయన ఫోన్ చేస్తే నవ్వకుండా ఉండటం కష్టం.

పెట్టేయబోతూ, ఇమ్రె డిస్కు విన్నావా అనడిగాడు. ఇంకా లేదన్నాను. అబద్ధం. ఏప్రిల్లో వచ్చిన రోజే విన్నాను.

తొందరేం లేదులే అన్నాడు.

తొందరేం లేదని ఎందుకన్నాడు?

అక్టోబరు 12, శనివారం, పగలు 11

మా ఆయన గ్లెన్ తన స్కూలు బ్యాండు పిల్లలతో ఫుట్‌బాల్ ఆటకి వెళ్ళాడు. ఇంట్లో చప్పుడు లేదు. ఆ రోజు సంగతి ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. లేకపోతే నా జ్ఞాపకాన్ని కూడా నేనే ఎడిట్ చేసేస్తాను.

కొండల్లో రాతి చర్చి. జూన్ మొదటి వారం, ఐదు రోజులూ వాన. ఇమ్రె లోపల చెల్లోతో, మోకాళ్ళ మధ్య నిలబెట్టి కమానుతో వాయించే ఆ పెద్ద వయొలిన్‌తో. ఆల్డెనూ నేనూ పక్క గదిలో స్పీకర్ల ముందు. గుమ్మం దగ్గర ఒక రేకు గిన్నె. లోపలికి వచ్చేవాళ్ళెవరైనా చేతి గడియారం తీసి అందులో పెట్టాలి, మైకులకి టిక్కుటిక్కు అందుతుందని. బూట్లు సరేసరి. ఆల్డెన్ మైకులో ఒక నంబరు చెబుతాడు, ఇమ్రె వాయిస్తాడు. అదొక టేక్. నేను స్కోరు మీద, అంటే స్వరాలు అచ్చయిన కాగితాల మీద, ఆ లైనుకి పైన పెన్సిల్‌తో నంబరు రాస్తాను. బాగుంటే టిక్కు, లేకపోతే అడ్డగీత. తర్వాత ఏ లైను ఏ టేక్ నుంచి తీసుకోవాలో ఆ స్కోరు చూసే అతుకుతాం. వినేవాళ్ళకి ఒక్క ఊపిరిలో వాయించినట్టుంటుంది. రోజు ముగిసేటప్పుడు అందరం కదలకుండా నిలబడి ఖాళీ చర్చిని ఒక నిమిషం రికార్డు చేస్తాం, అతుకుల కింద పరచడానికి. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. వేరేది తెచ్చి పరిస్తే తెలిసిపోతుంది. ఆల్డెన్ ఆ నిమిషాన్ని ఇంటికి తాళం వేయడం అనేవాడు.

ఐదో రోజు సారబాండ్ మిగిలింది. అన్నిటికన్నా నెమ్మదైన భాగం. దాని చివరి లైను రాలేదు. ఇరవై రెండు టేకులు చేశాం. ఇమ్రె ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు. తీగ మీద ఆనేలోపే జారిపోతున్నాయి. మా ముగ్గురికీ తెలుసు. ముగ్గురం తెలియనట్టే ఉన్నాం. నూట అరవై మూడో టేక్ తర్వాత ఆయన కమాను కుర్చీ మీద పెట్టేసి చేతులు చంకల్లో దాచుకున్నాడు.

అప్పుడు ఆల్డెన్ నా వైపు తిరిగి, అమ్మాయ్, ఊళ్ళోకెళ్ళి సాండ్‌విచ్‌లు పట్టుకురా, నీకు ట్యూనా, ఆయనకి టర్కీ అన్నాడు. డబ్బా నిండా తిండి ఉందన్నాను. వెళ్ళమన్నాడు. పన్నెండు మైళ్ళు, వానలో. తడిసి ముద్దయి తిరిగొచ్చేసరికి రెండు గంటలు పట్టింది. దొరికింది అన్నాడు ఆల్డెన్. ఎన్నో నంబరు టేక్ అని పెన్సిల్ తీశాను. రాసుకోనక్కర్లేదు, ఆ లైను నేను చూసుకుంటానన్నాడు. ఇమ్రె గోడవైపు తిరిగి చెల్లో తుడుస్తున్నాడు. సాండ్‌విచ్ ఎవరూ ముట్టలేదు. రేకు గిన్నెలో ఆల్డెన్ గడియారంతో పాటు ఇంకొకటి, నల్ల తాడు పట్టీతో ఆడవాళ్ళ చిన్న బంగారు గడియారం ఉంది. చర్చికి పూలు సర్దడానికి వచ్చే ఆవిడదేమో అనుకున్నాను.

ఆ రోజు ఒక్కరోజే ఆ నిమిషం రికార్డు చేయలేదు. అలిసిపోయాం, ఇవాళ వద్దులే అన్నాడు ఆల్డెన్. సామాన్లు సర్దడానికి గంట పట్టింది. పక్క గదిలో తగిలించిన రెయిన్‌కోటు తొడుక్కుని, వెచ్చగా, దారంతా కార్లో నిద్రపోయాను. ఆయన నడిపాడు.

ఆ ఆగస్టులో ఇమ్రెకి పక్షవాతం వచ్చింది. ఆ తర్వాతి వసంతానికి పోయాడు. పదమూడు ట్రాకులు నేనే ఎడిట్ చేశాను. పద్నాలుగోది ఆల్డెన్ తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇమ్రె భార్య ఇలోనా విడుదలకి ఒప్పుకోలేదు. పదహారేళ్ళ తర్వాత ఈ ఏడాది ఒప్పుకుంది.

ఇక విన్నది రాస్తాను. పద్నాలుగో ట్రాక్ చివరి నలభై సెకన్లు. చెల్లో కింద, బాగా కింద, ఇనుము కొట్టుకుంటున్న చప్పుడు. టక్. కాసేపాగి టక్ టక్. గదిని వెచ్చబెట్టే ఆవిరి రేడియేటర్ వేడెక్కేటప్పుడు చేసే చప్పుడు. ఆ నలభై సెకన్లలోనే ఉంది, ముందెక్కడా లేదు. చర్చి కాపలాదారు వాల్ట్ మొదటిరోజే చెప్పాడు, మే ఒకటికి బాయిలర్ కట్టేస్తాను, మీరు బతిమాలినా వెలిగించనని. అంటే జూన్ కాదు. చలికాలం. చలికాలానికి ఇమ్రె చెంచా కూడా పట్టలేడు.

ఇంకొకటి. ఇమ్రె వాయిస్తున్నంతసేపూ సీసాలో తుమ్మెదలా కూనిరాగం తీస్తాడు. ఎంత తుడిచినా పోదు. ఆ నలభై సెకన్లలో కూనిరాగం లేదు.

ఎవరు వాయించారు?

అక్టోబరు 13

తొమ్మిదిసార్లు విన్నాను. రేడియేటరే.

అక్టోబరు 15

కింద గదిలో పెట్టెలన్నీ తీసి ఆ స్కోరు పట్టుకున్నాను. సారబాండ్ చివరి లైను మీద 142 నుంచి 163 దాకా నా చేతిరాత. అన్నిటికీ అడ్డగీతలే. టిక్కు పడాల్సిన చోటు ఖాళీ.

డిస్కుతో వచ్చిన పుస్తకం తిప్పాను. రికార్డింగ్: జూన్. చెల్లో: ఇమ్రె వాదస్. ఎడిటింగ్: ఆల్డెన్ థేయర్. పదమూడు ట్రాకులు అతికిన నా పేరు ఎక్కడా లేదు. ఏప్రిల్లోనే చూశాను. పట్టించుకోలేదనుకున్నాను.

పత్రికలన్నీ ఆ చివరి లైనునే మెచ్చుకున్నాయి. ఆఖరి స్వరానికి ముందు ఒక క్షణం ఆలస్యం ఉంది చూడండి, అది ఒక ముసలి కళాకారుడు లోకానికి చెప్పిన వీడ్కోలు అని ఒకాయన రాశాడు. ఎవరి వీడ్కోలు?

అక్టోబరు 17

గ్లెన్‌కి చెప్పాను. ఫోన్ చేసి ఆయన్నే అడిగితే పోయేదానికి ఇంత పురాణమా అన్నాడు. అడిగితే అబద్ధం చెబుతాడేమో అన్నాను. చెప్పనీ, గొంతు వింటే నీకు తెలిసిపోదా, ఇంట్లో చారు మాడకముందే చప్పుడు విని చెప్పేదానివి అన్నాడు. నా మాటలు కూడా అలాగే వింటావా అనడిగాడు.

అలాగే వింటాను. చెప్పలేదు.

అడగడానికి నాకు భయమేమో. నిజం కాదని తేలుతుందనా, నిజమని తేలుతుందనా?

అక్టోబరు 21, ఉదయం 10

కమిటీ వాళ్ళకి ఒక ఫారం ఉంది. ఏదైనా డిస్కు వివరాల మీద సందేహం ఉంటే నింపి పంపాలి. నింపాను. పద్నాలుగో ట్రాక్ చివరి భాగం ముద్రించిన తేదీల్లో రికార్డు చేసినట్టు లేదు, వాయించినవారు ఎవరో దయచేసి సరిచూడగలరు. అంతే. నిందేమీ వేయలేదు. అడిగానంతే.

పేరు వెల్లడించవద్దు అని కింద ఒక గడి ఉంది. అందులో టిక్కు పెట్టాను.

అక్టోబరు 22

నంబరు లేని టేక్ మీద పేరు లేని ఫారం.

నవంబరు 6

కమిటీ పెద్ద ప్రిసిల్లా అందరికీ వరసగా ఫోన్ చేస్తోంది. ఆల్డెన్‌కి ఒక కాగితం పంపారట. ఈ డిస్కులో వినిపించే చెల్లో యావత్తూ ఇమ్రె వాదస్ ఒక్కరే వాయించారని ధ్రువీకరిస్తున్నాను, సంతకం. మామూలు కాగితమే, నిమిషం పని, కళ్ళు మూసుకుని పెట్టేస్తాడనుకున్నాం అంది. పెట్టలేదు. కాగితం వెనక్కి పంపి, దాంతోపాటే ఆ డిస్కుని పోటీ నుంచి తీసేయమని రాశాడు. ఒకటి తగ్గితే మిగిలిన నాలుగూ లెక్కకి చాలవు. ఈ ఏటికి ఆల్డెన్ లేనట్టే. వచ్చే జూన్‌తో పని మానేస్తానని ఎప్పుడో చెప్పేశాడు. కాబట్టి ఎప్పటికీ లేనట్టే.

పాపం, ఎవడో కడుపుమంటతో రాసుంటాడు, బ్రిజిట్, నీకేమైనా తెలుసా అంది ప్రిసిల్లా.

తెలియదన్నాను.

నవంబరు 7

సంతకం పెట్టలేదు. అంటే నేను విన్నది నిజం. తప్పు లేనివాడు సంతకం ఎందుకు పెట్టడు?

నవంబరు 9

సంతోషంగా ఉండాలి కదా. రెండు రోజులుగా ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. ఆల్డెన్ చేయడం లేదు. ఆయన చేయకుండా ఒక వారం గడవడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు.

తప్పు చేసినవాడు మాత్రం ఎందుకు పెట్టడు? అబద్ధాన్ని డిస్కు మీద అచ్చు వేయించినవాడికి కాగితం మీద ఇంకోసారి రాయడం ఒక లెక్కా?

నవంబరు 16, శనివారం

చర్చికి వెళ్ళొచ్చాను. ఫారం నింపేముందు వెళ్ళాల్సింది. ఇప్పుడు వెళ్ళాను.

వాల్ట్ ఇంకా ఉన్నాడు. వయసు తొంభైకి దగ్గర. ఇప్పుడు బాయిలర్ చూసేది అల్లుడు, ఈయన అల్లుడిలో తప్పులు చూస్తాడు. నన్ను గుర్తుపట్టలేదు. వానలో తడిసిన పిల్ల ఎవరో ఉండేదన్నాడు. ఎండాకాలంలో బాయిలర్ ఎప్పుడైనా వెలిగించారా అనడిగాను. నా యాభై ఏళ్ళ సర్వీసులో ఒక్కసారి, ఆ వానల జూన్‌లో అన్నాడు. చెల్లో ఆయన వేళ్ళు కొయ్యబారిపోయాయనీ, ఒక్క రెండు గంటలు వేడి కావాలనీ మీ పొడుగాటి ప్రొడ్యూసరు చేతులు పట్టుకున్నాడు. ఒట్టేసి చెప్పాను వెలిగించనని, వెలిగించాను, చర్చివాళ్ళకి తెలిస్తే నా ఉద్యోగం ఊడేది, ఎవరికీ చెప్పవు కదా అన్నాడు.

కుర్చీలో కూర్చుండిపోయాను. రెయిన్‌కోటు. ఆ రోజు తడిసి ముద్దయి వచ్చాను. పక్క గదిలో తగిలించాను. గంట తర్వాత వెచ్చగా, పొడిగా తొడుక్కున్నాను. వానాకాలపు రాతి గోడల మధ్య కోటు గంటలో ఎలా ఆరింది? అది నా ఒంటి మీదే ఉంది. మొన్న ఇదే డైరీలో నా చేత్తోనే రాశాను. చెవులతో విన్నదే సాక్ష్యం అనుకునే జాతి మాది.

మరి అక్కడే, ఆ రోజే, వేడి వల్ల ఇమ్రె వేళ్ళు పనిచేశాయన్నమాట. ఆయనే వాయించాడన్నమాట. అంతా సవ్యంగానే ఉందన్నమాట.

లేచి వచ్చేస్తుంటే వాల్ట్ అన్నాడు, బాయిలర్ ఒక్కటే అయితే సరే, రెండో కుర్చీ కూడా నేనే మోశాను, నడుం పట్టేసిందని.

రెండో కుర్చీ ఎందుకు అన్నాను. చేతులు లేని కుర్చీ కావాలన్నారు, చెల్లో ఆయన భార్య కోసం, ఆవిణ్ణి బస్సు దగ్గర్నుంచి తెచ్చింది కూడా నేనే అన్నాడు.

నవంబరు 17

ఇలోనా. ఆమె కూడా చెల్లిస్టు. బుడాపెస్టులో ఇద్దరూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు. ఈ దేశం వచ్చాక మానేసింది. మానేసిందనే అందరం అనుకున్నాం.

దొరికింది. ఆమె వాయించింది. ఆయన పేరు వేసుకున్నారు.

ఈసారి ఎవరికీ రాయను. అడుగుతాను.

నవంబరు 23, శనివారం, సాయంత్రం

ఇలోనా ఉండే నార్తాంప్టన్ వెళ్ళాను. ఇలోనాకి ఎనభై నాలుగు. తలుపు తీసి, కోటు కూడా విప్పకముందే, ఆ ఫారం నువ్వు రాసిందే కదా అంది. అవునన్నాను. ఆల్డెన్ చెప్పాడా అన్నాను. వాడేం చెప్పలేదు, వాడికి నువ్వంటే పిచ్చి, రేడియేటర్ ఎవరికి వినపడుతుందో నేనే ఆలోచించుకున్నాను అంది. గసగసాల రొట్టె కోసి నా ముందు పెట్టింది. తిను, తిని అడుగు, ఖాళీ కడుపుతో అనుమానం ఎక్కువవుతుందంది.

రొట్టె కోస్తున్న చేతికి ఒక చిన్న బంగారు గడియారం. నల్ల తాడు పట్టీ.

మీరు వాయించారా అనడిగాను.

సగం అంది.

అర్థం కాలేదు. నా ఎడమ చెయ్యి బల్ల మీద చాపమంది. వెనక్కి వచ్చి నిలబడి, నా భుజం మీదుగా వంగి, తన ఎడమ చేతి నాలుగు వేళ్ళూ నా ముంజేతి మీద ఆనించింది. కుడిచేత్తో నువ్వు కమాను లాగుతున్నావనుకో, ఇదిగో ఇలా అంది. ఆ చివరి లైను నా చేతి మీద వాయించింది. ఒక్కొక్క వేలూ దిగుతుంటే ఏ స్వరమో నాకు తెలుస్తోంది. నలభై సెకన్లు.

కమాను ఇమ్రెది. వేళ్ళు ఇలోనావి. ఒకే చెల్లో. చేతుల్లేని కుర్చీలో ఆయన వెనక ఆనుకుని కూర్చుంది. ముందురోజు ఫోన్ చేసి రమ్మన్నది ఇమ్రేనట. ఆ పిల్ల ఉండకూడదు అన్నాడట. పిల్ల అంటే నేను. నువ్వాయన్ని దేవుణ్ణి చూసినట్టు చూసేదానివి, అందుకు అంది. ఆల్డెన్ పక్క గదిలో మాకు వీపు పెట్టి విన్నాడు. మూడుసార్లు చేశాం, నువ్వు విన్నది మూడోది అంది.

కూనిరాగం ఎందుకు లేదని అడిగాను. నోరు మూసుకోమన్నాను అంది. ఆయన ఒక శ్రుతిలో మూలుగుతుంటే నా వేలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు, నలభై ఏడేళ్ళ కాపురంలో నోరు మూసుకోమంటే మూసుకున్నది ఆ ఒక్కసారే.

మరి ఆ ఆలస్యం, ఆఖరి స్వరానికి ముందు, వీడ్కోలు అని రాశారే అన్నాను. పడీపడీ నవ్వింది. అది నా కీళ్ళ నొప్పి, వేలు సమయానికి దిగలేదు, ఆయన కమాను ఆపి ఆగాడు అంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆగాడు, నా కోసం ఎప్పుడూ ఆగింది లేదు అంది.

మీరెందుకు మానేశారు అనడిగాను. ఒక ఇంట్లో రెండు చెల్లోలుంటే పొరుగువాళ్ళు పోలీసుల్ని పిలుస్తారని ఇమ్రె అనేవాడు, మానేశాను, పొరుగువాళ్ళు సుఖపడ్డారంది.

ఆయన బతికుండగా ఎవరికీ చెప్పనని మాటిచ్చిందట. ఆల్డెన్ అయితే ఎప్పటికీ చెప్పనన్నాడట. ఆల్డెన్ ఇంకా మాట మీద ఉన్నాడు, ఒక్కరే వాయించారని సంతకం పెట్టమన్నారు, అది అబద్ధం, పెట్టలేదు. ఎందుకో చెప్పమన్నారు, అది మాట తప్పడం, చెప్పలేదు, నువ్వు వాడి దారి రెండువైపులా మూసేశావమ్మాయ్ అంది. కోపంగా అనలేదు. రొట్టె ఇంకో ముక్క వేసింది.

మరి మొదట డిస్కు మీద ఒకే పేరు ఎందుకు వేశాడు? అది అబద్ధం కాదా? అడుగుదామనుకున్నాను. నోట్లో గసగసాలు ఉన్నాయి.

డిసెంబరు 1

ఆల్డెన్ వాకిట్లో ఆకులు ఊడ్చాను. కుళ్ళి నల్లబడ్డాయి. ఆయన గడపలో నిలబడి, ఆ మూల ఉండిపోయాయి, ఈ మూల ఉండిపోయాయి అని చెబుతున్నాడు. అచ్చం ఇంకో టేక్ అడిగినట్టే.

ఫారం నేనే రాశానని చెప్పాను. తెలుసన్నాడు. ఈ దేశంలో ఆ టక్కుటక్కు వినగలిగిన చెవులు మూడు, రెండు నీవి, ఒకటి నాది, నా రెండోది ఎప్పుడో పోయింది అన్నాడు. తెలిస్తే ఎందుకు అడగలేదన్నాను. నువ్వెందుకు అడగలేదన్నాడు. అడిగితే సాండ్‌విచ్‌లని చెప్పేవారు అన్నాను. నీకు ట్యూనా ఇష్టం కదా అన్నాడు.

ఆ టేక్‌కి నంబరు ఎందుకు పెట్టలేదని అడిగాను. మళ్ళీ చేయగలిగిన వాటికే నంబరు అన్నాడు.

ఒకే పేరు వేయడం గురించి కూడా అడిగాను. ఇమ్రె అలా కావాలన్నాడు, ఇలోనా అలాగే కానీ అంది, నేను ఎవరి పక్కన నిలబడాలో నాకు తెలియలేదు, బల్ల వెనక నిలబడ్డాను, ప్రొడ్యూసర్ నిలబడే చోటు అదే కదా అన్నాడు. తర్వాత, తప్పే అయ్యుండవచ్చు అన్నాడు.

నాకు కావలసింది ఆ మాటే అనుకున్నాను. విన్నాక ఏమీ ఊరట కలగలేదు.

డిసెంబరు 3

క్షమించమని అడగడం మర్చిపోయాను. ఆకులు ఊడ్చి వచ్చేశాను.

జనవరి 26, ఆదివారం

అవార్డు ఎవరికో వచ్చింది. మంచివాడే, బాగా చేస్తాడు. గ్లెన్ టీవీ కట్టేశాడు.

జనవరి 30

ఆల్డెన్ నుంచి కవరు. డిస్కు రెండోసారి అచ్చు వేస్తున్నారు. పుస్తకం ప్రూఫులు. ఎడిటింగ్ అన్న చోట ఆయన పేరు ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన నా పేరు రాసి ఉంది, ట్రాకులు 1 నుంచి 13 అని. మొదటిసారే వేయమన్నాను, కంపెనీవాళ్ళు పాత కాగితం వాడారు, ఏప్రిల్లోనే పోట్లాడాను, నీకు చెప్పలేదు, అచ్చయ్యాక చూపిద్దామనుకున్నాను అని చిన్న చీటీ.

ఏప్రిల్లోనే.

ఇంకో చీటీ ఇలోనాది, హంగేరియన్ వంకరలు తిరిగిన రాతతో. పద్నాలుగో ట్రాక్‌కి చెల్లో ఎదురుగా ఈసారి ఖాళీ పెట్టమన్నాను. ఆయన లేడు కాబట్టి నా మాట తీరిపోయింది. కానీ ఆయనకి సిగ్గుగా ఉంటుందో, నాకు గర్వంగా ఉంటుందో నాకు తెలియడం లేదు. నువ్వే రాయి. అనుమానపడ్డదానివి నువ్వే కదా.

ఫిబ్రవరి 2

ట్రాక్ 14. చెల్లో:

పెన్సిల్‌తో రెండుసార్లు రాశాను. రెండుసార్లు చెరిపాను. కాగితం అక్కడ పల్చబడింది. మా రేడియేటర్ కొట్టుకుంటోంది.

ఇమ్రె అని రాస్తే నా ముంజేతి మీద ఇలోనా నాలుగు వేళ్ళు. ఇద్దరి పేర్లూ రాస్తే గోడవైపు తిరిగి చెల్లో తుడుస్తున్న ఒక వీపు.

రేపు తొమ్మిదింటికి అచ్చు వేసేవాళ్ళు అడుగుతారు. అక్కడ ఎవరి పేరు రాయాలో నాకు తెలియలేదు. ఆ ఫారం నిజం కోసం నింపానో, నా పేరు లేదని నింపానో, అదీ తెలియలేదు.